లక్షలోంచి పదిహేనుకి

అపార్ట్‌మెంటు తలుపులకు బిగించే నైట్ లాచ్‌ని ఒకదాన్ని తీసుకుందాం. చెత్తబుట్ట బయట పెట్టడానికి గడప దాటగానే గాలికి తలుపు ధడాలున మూసుకుపోవడం, తాళంచెవి లోపలే ఉండిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. ఆ లాచ్ సిలిండర్‌లో సాధారణంగా ఐదు పిన్నులుంటాయి. చెవి మీద ఒక్కో పిన్నుకు ఒక్కో గాటు. ఆ గాటును పది లోతుల్లో ఏదో ఒక లోతుకు కోస్తారనుకుంటే ఎన్ని రకాల చెవులు సాధ్యం? పదిని ఐదుసార్లు వేసి హెచ్చవేస్తే లక్ష. ఒక్కో చెవినీ దూర్చి తిప్పి చూడ్డానికి ఐదు సెకన్లు పట్టినా, తిండీ నిద్రా మానేసి కూర్చుంటే లక్ష చెవులకూ దాదాపు ఆరు రోజులు పడుతుంది.

నిజానికి కంపెనీలు లక్షకు లక్షా తయారు చెయ్యవు. పక్కపక్క గాట్ల మధ్య తేడా మరీ ఎక్కువైతే పిన్ను ఆ లోయలోంచి పైకెక్కలేదు, చెవి ఇరుక్కుంటుంది. అలాంటి కలయికల్ని వదిలేస్తారు. కొందరు ఆరు లోతులతోనే సరిపెడతారు. అప్పుడు మొత్తం 7,776. అదీ చిన్న సంఖ్యేమీ కాదు. అయినా చెయ్యి తిరిగినవాడు వంచిన రెండు ఉక్కు బద్దలతో ఇలాంటి తాళాన్ని కొద్ది నిమిషాల్లో తీసేస్తాడు. అతను లక్ష చెవులూ ప్రయత్నించలేదు, వందా ప్రయత్నించలేదు. మరి మిగతావన్నీ ఏమైపోయినట్టు?

ముందు లోపల ఏముందో చూడాలి. తలుపులో కదలకుండా ఉండే ఇత్తడి ఒడలు ఒకటి, దాని లోపల గుండ్రంగా తిరిగే ప్లగ్ ఒకటి. ప్లగ్ వ్యాసం అటూఇటుగా 12, 13 మిల్లీమీటర్లు. చెవి దూరేది ఈ ప్లగ్‌లోకే. ఒడల్లోంచి ప్లగ్‌లోకి వరసగా ఐదు బెజ్జాలు తొలుస్తారు. ప్రతి బెజ్జంలోనూ అడుగున ఒక పిన్ను, దాని మీద ఇంకో పిన్ను, ఆ పైన కిందికి తోస్తూ ఒక సన్నటి స్ప్రింగు. అడుగు పిన్నుల పొడవులు వేరువేరుగా ఉంటాయి. తాళం రహస్యమంతా ఆ పొడవుల్లోనే. చెవి లేనప్పుడు పై పిన్నులు సగం ఒడల్లో, సగం ప్లగ్‌లో అడ్డంగా ఉంటాయి కాబట్టి ప్లగ్ తిరగదు. సరైన చెవి పెడితే ప్రతి జంటలోనూ కింది పిన్నూ పై పిన్నూ కలిసే చోటు కచ్చితంగా ప్లగ్‌కీ ఒడలికీ మధ్య ఉన్న సరిహద్దు మీదికి వస్తుంది. ఐదూ వస్తే ప్లగ్ తిరుగుతుంది. నాలుగు వచ్చి ఒకటి రాకపోతే తిరగదు.

లక్ష అన్న సంఖ్య నిలబడేది ఈ ఆఖరి వాక్యం మీదే. ఐదింటిలో నాలుగు సరిపోయినా, ఒక్కటే సరిపోయినా, ఒక్కటీ సరిపోకపోయినా తాళం జవాబు ఒకటే అయివుండాలి: ‘లేదు’. ‘దగ్గరికొచ్చావు’ అని అది ఎన్నడూ చెప్పకూడదు. అలా చెప్పనంతకాలం లోతులన్నీ హెచ్చవేతలో ఉంటాయి.

పిన్నుల ఆలోచన చాలా పాతది. ప్రాచీన ఈజిప్టులో చెక్క గడియలకు ఇలాంటి పిన్నులుండేవి. స్ప్రింగు లేదు, చెక్క మేకులు తమ బరువుకు తామే గడియ బెజ్జాల్లోకి జారిపడేవి. వాటిని పైకెత్తడానికి పళ్లున్న పొడవాటి చెక్క చెవి వాడేవారు. దీన్ని అరచేతిలో ఇమిడే లోహపు వస్తువుగా మార్చింది అమెరికాలోని యేల్ కుటుంబం. తండ్రి లైనస్ యేల్ 1840ల్లో మొదలుపెట్టాడు. అదే పేరున్న కొడుకు చిత్రకారుడిగా జీవితం మొదలుపెట్టి, చివరికి తండ్రి దారికే వచ్చి, పల్చటి చెవితో తెరుచుకునే సిలిండర్ తాళానికి 1861లోనూ 1865లోనూ పేటెంట్లు తీసుకున్నాడు. 1868లో కంపెనీ పెట్టిన కొద్ది నెలలకే, 47 ఏళ్లకు చనిపోయాడు. ఆయన రూపం ఇచ్చిన సిలిండర్ మాత్రం పెద్దగా మారకుండా ఇప్పటికీ మన తలుపుల్లో ఉంది.

ఇప్పుడు అసలు విషయం. ఐదు బెజ్జాల్నీ ఒకే సరళరేఖ మీద తొలవమని డ్రాయింగులో గీసి ఉంటుంది. యంత్రం దాదాపు అలాగే తొలుస్తుంది. ఆ ‘దాదాపు’లోనే తాళం గుట్టు బయటపడుతుంది. ఒక బెజ్జం మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు ఇటు, ఇంకొకటి అటు. పిన్నుల మందంలోనూ అంతే సూక్ష్మమైన తేడాలు. ప్లగ్‌ను మెల్లగా తిప్పబోతే ఐదు పిన్నులూ ఒకేసారి అడ్డుపడాలి. కానీ బెజ్జాలు వరసలో లేవు కాబట్టి ముందు ఒక్క పిన్ను మాత్రమే ప్లగ్‌కీ ఒడలికీ మధ్య నలుగుతుంది. మిగతా నాలుగూ వదులుగా, స్ప్రింగు మీద ఆడుతూనే ఉంటాయి.

ఆ నలిగిన పిన్నును కనిపెట్టి, దాన్ని నెమ్మదిగా పైకి తోస్తూ పోతే, జంట కలిసే చోటు సరిహద్దుకు చేరిన క్షణంలో అడ్డు తొలగిపోతుంది. ప్లగ్ ఒక వెంట్రుకవాసి తిరుగుతుంది. తిరగడంతో బెజ్జం అంచు పక్కకు జరిగి పై పిన్ను కింద చిన్న గట్టులా నిలుస్తుంది. ఆ పిన్ను ఇక కిందికి దిగలేదు, గట్టు మీదే కూర్చుంటుంది. ఇప్పుడు ఇంకో పిన్ను నలుగుతుంది. దాన్ని వెతకాలి, ఎత్తాలి. తర్వాత మూడోది.

లెక్క చూడండి. మొదటి పిన్నును పట్టుకోవడానికి ఎక్కువలో ఎక్కువ ఐదింటినీ తడిమి చూడాలి. రెండోదానికి మిగిలిన నాలుగు, తర్వాత మూడు, రెండు, ఒకటి. 5+4+3+2+1, మొత్తం పదిహేను. ఒక్కో పిన్నును ఎత్తేటప్పుడు ఎక్కడ ఆగాలో అదే చెబుతుంది కాబట్టి దాని లోతు మనకు ముందే తెలియనక్కర్లేదు. హెచ్చవేత కాస్తా కూడిక అయిపోయింది. ఆరో పిన్ను చేరిస్తే తాళం కంపెనీవాడి లెక్కలో బలం పదింతలవుతుంది, పదిలక్షలు. తీసేవాడి లెక్కలో పదిహేను ఇరవై ఒకటవుతుంది.

నేర్చుకోవడానికి రెండే పనిముట్లు కావాలి. ఎల్ ఆకారంలో వంచిన ఉక్కు బద్ద ఒకటి, దాన్ని టెన్షన్ రెంచ్ అంటారు. చెవి రంధ్రం అంచున పెట్టి ప్లగ్‌ను తిప్పబోవడం దాని పని. కొస కొద్దిగా పైకి వంగిన సన్నటి పిక్ ఇంకొకటి. పిన్నుల్ని తడిమేదీ ఎత్తేదీ అదే. లోపలంతా కనిపించే పారదర్శకమైన అక్రిలిక్ తాళాలు కూడా నేర్చుకునేవాళ్ల కోసం అమ్ముతారు. సూత్రం అర్థం కావడానికి అవి మంచివే కానీ వాటితో ఎక్కువ కాలం గడపకపోవడం మేలని నా అభిప్రాయం. కంటితో చూస్తున్నంతసేపూ వేళ్లు పని నేర్చుకోవు. అంతకంటే మంచి పద్ధతి, ఒక మామూలు ఇత్తడి సిలిండర్ కొని, విప్పి, నాలుగు బెజ్జాలు ఖాళీ చేసి, ఒక్క పిన్ను జంటతో మొదలుపెట్టడం. అది ఎప్పుడు నలుగుతోందో, ఎప్పుడు గట్టెక్కిందో చేతికి స్పష్టంగా తెలిశాక రెండో జంట వెయ్యాలి. రెండు పిన్నులతోనే ‘ముందు ఏది?’ అన్న ప్రశ్న పుడుతుంది. మూడింటికి వెళ్లేసరికి అసలు ఆట మొదలవుతుంది.

కొత్తవాళ్లు దాదాపు అందరూ రెంచ్‌ను గట్టిగా నొక్కుతారు. తాళం బలమైనది కాబట్టి బలం వాడాలని చేతికి తోస్తుంది. ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం పనికొస్తుంది. లోహం గట్టిదే అయినా ఒత్తిడికి కొద్దిగా సాగుతుంది, నలుగుతుంది. రెంచ్‌ను గట్టిగా నొక్కితే మొదట నలిగిన పిన్ను సూక్ష్మంగా వంగి, రెండో పిన్నుకూ మూడో పిన్నుకూ ఉన్న సందుల్ని మూసేస్తుంది. అప్పుడు అన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి, ఏది ముందో తెలిసే వీలు పోతుంది. పైగా రాపిడి బలం అదుముడుతోపాటు పెరుగుతుంది; స్ప్రింగు తోపు అంతంతమాత్రం కాబట్టి, ఎక్కువ ఎత్తేసిన పిన్ను కూడా కిందికి రాకుండా అక్కడే అతుక్కుపోతుంది. కింది పిన్నే సరిహద్దు దాటి ఒడల్లోకి దూరిపోతే అదీ అడ్డమే. అలాంటప్పుడు రెంచ్ పూర్తిగా వదిలేసి మొదటికి రావడం తప్ప దారి లేదు. ఒక వేలి బరువుకు మించి రెంచ్ మీద పడకూడదన్నది అనుభవజ్ఞుల మాట.

వందో వంతు మిల్లీమీటర్ల వ్యవహారం వేలికి ఎలా తెలుస్తుంది? చర్మం లోతుల్లో పాసీనియన్ కణికలనే స్పర్శ గ్రాహకాలున్నాయి. సెకనుకు 250 సార్ల దగ్గర ఆడే కంపనాలకు ఇవి ఎంత సున్నితమంటే, మైక్రోమీటరు కంటే తక్కువ కదలికను కూడా పసిగడతాయి. మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పిన్ను గట్టెక్కినప్పుడు పుట్టే ‘టిక్’ ఉక్కు బద్ద గుండా నేరుగా ఈ కణికలకు చేరుతుంది. నిలకడగా ఉండే ఒత్తిడిని కనిపెట్టేవి వేరే గ్రాహకాలు. రెంచ్ పట్టిన చేతికి వాటితో పని. అంటే రెండు చేతులూ రెండు వేరువేరు భాషలు వింటుంటాయి. పిక్ చేతికి కంపనం, రెంచ్ చేతికి ఒత్తిడి. సాధనతో వేళ్లేమీ మారవు. ఏ సంకేతాన్ని పట్టించుకోవాలో, దేన్ని వదిలెయ్యాలో మెదడు నేర్చుకుంటుంది.

మన బజార్లలో చెట్టు కిందో, చిన్న బండి మీదో చెవుల గుత్తులు వేలాడదీసుకుని కూర్చునేవాళ్లకు ఇదే సూత్రం ఇంకో రూపంలో తెలుసు. పోయిన చెవికి నకలు లేకపోయినా, గాట్లు లేని ఖాళీ చెవిని తాళంలో పెట్టి, గట్టిగా తిప్పబోతూ పైకీ కిందికీ ఆడిస్తారు. నలిగిన పిన్ను ఆ ఇత్తడి మీద మెరిసే చిన్న చుక్క వేస్తుంది. తీసి వెలుతురులో చూసి, చుక్క ఉన్నచోట ఆకురాయితో ఒక్క దెబ్బ. మళ్లీ పెట్టడం, మళ్లీ చూడడం. సరైన లోతుకు చేరగానే ఆ పిన్ను నలగడం మానేస్తుంది, చుక్క పడడం ఆగిపోతుంది. అప్పుడు ఇంకోచోట చుక్క వెతుకుతారు. చివరికి చేతిలో మిగిలేది పనిచేసే చెవి. పిక్‌తో తీసినవాడికి తలుపు తెరుచుకుంటుందంతే. రేపు మళ్లీ మొదటినుంచీ చెయ్యాలి. ఆకురాయి వాడిన మనిషికి రహస్యమంతా కాపీ అయి వచ్చింది. నాకు ఈ రెండో పద్ధతి మీదే గౌరవం ఎక్కువ.

ఇదంతా జనానికి మొదటిసారి తెలిసివచ్చింది 1851లో, లండన్ మహా ప్రదర్శన జరుగుతున్న వేసవిలో. అప్పటికి ఇంగ్లండులో రెండు తాళాలకు తిరుగులేదు. ఒకటి జెరెమియా చబ్ 1818లో చేసిన డిటెక్టర్ తాళం. పోర్ట్‌స్మత్ రేవు గిడ్డంగిలో దొంగతనం జరిగాక ప్రభుత్వం పెట్టిన పోటీలోంచి పుట్టింది. దానిలో ఏ మీటనైనా అవసరం కంటే ఎక్కువ ఎత్తితే తాళం బిగుసుకుపోయి, ఎవరో చెయ్యిపెట్టారని యజమానికి తెలియజేస్తుంది. రెండోది జోసెఫ్ బ్రామా తాళం. దాన్ని తీసినవారికి 200 గినీలిస్తామని పికడిల్లీలోని దుకాణం కిటికీలో ఆరు దశాబ్దాలుగా సవాలు వేలాడుతోంది.

అమెరికా నుంచి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ జులైలో చబ్ తాళాన్ని సాక్షుల ఎదుట 25 నిమిషాల్లో తీశాడు. బ్రామా తాళంలో 18 పలకలున్నాయి. దానికి ఆయన 16 రోజుల వ్యవధిలో 51 గంటలు ఖర్చుపెట్టాడు. గంటల్ని బట్టి బ్రామా గొప్పవాడే. కానీ 18 పలకల్ని హెచ్చవేసుకుంటూ పోతే ఎన్ని జన్మలూ చాలవు. 51 గంటల్లో అయిందంటే అక్కడ జరిగింది కూడికే. హాబ్స్ చేసింది మనం పైన చెప్పుకున్నదే: గడియ మీద కొద్దిపాటి ఒత్తిడి పెట్టి, ఏ పలక బిగుసుకుందో చూసి, దాన్ని సరిచేసి, తర్వాతదానికి వెళ్లడం. చబ్ తాళంలో కాపలా మీట కూడా ఆయనకే సాయపడింది. ‘ఎక్కువ ఎత్తావు’ అన్నది యజమానికి హెచ్చరికే కావచ్చు, పక్కన నిలబడ్డవాడికి అది సమాచారం. హాబ్స్ కంపెనీ అమ్మే తాళాన్ని తర్వాత చిన్న యేల్ తీసి చూపించాడు. అంటే ఈనాటి సిలిండర్ తాళం రూపకర్త కూడా తాళాలు తీసే విద్యలో ఆరితేరినవాడే.

భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అమెరికాలోని లాస్ ఆలమోస్‌లో అణుబాంబు రహస్యాలున్న బీరువాలు తీసేవాడన్న కథలు చాలామంది చదివే ఉంటారు. కథల్లోని కొంటెతనం కంటే లెక్క బాగుంటుంది. డయల్ మీద వంద అంకెలు, మూడు సంఖ్యలు తిప్పాలి, మొత్తం పదిలక్షలు. డయల్ రెండంకెలు అటూఇటూ తప్పినా ఒప్పుకుంటుందని ఆయన కనిపెట్టాడు. వందకు బదులు ఇరవై చాలు, మొత్తం 8,000. బీరువా తెరిచి ఉన్నప్పుడు దాని డయల్‌తో ఆడుకుంటూ చివరి రెండు సంఖ్యలూ రాబట్టవచ్చని తర్వాత తెలుసుకున్నాడు. సహోద్యోగి గదిలో కబుర్లు చెబుతూ ఆ పని కానిచ్చేవాడు. ఇక మిగిలేవి ఇరవై ప్రయత్నాలు.

కంప్యూటర్ భద్రత చదివినవాళ్లకు ఇదంతా పరిచితంగా తోచాలి. టెనెక్స్ అనే పాత కంప్యూటర్ వ్యవస్థ పాస్‌వర్డ్‌ను ఒక్కో అక్షరంగా పోల్చి, తప్పు దొరికిన చోటే ఆగిపోయేది. ఎక్కడ ఆగిందో తెలుసుకునే ఉపాయం కొందరికి దొరికింది. ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్‌కు 26 అక్షరాలతో 20,882 కోట్ల కలయికలు. ఎక్కడ ఆగిందో తెలిస్తే 26ను ఎనిమిదితో హెచ్చవేస్తే చాలు, 208. 1996లో పాల్ కోచర్ అనే సంకేతలిపి నిపుణుడు ఇంకో మెట్టెక్కి, లెక్క చెయ్యడానికి కంప్యూటరుకు పట్టిన సమయాన్ని కొలిచి రహస్య సంకేతాలు రాబట్టవచ్చని చూపించాడు.

2003లో మాట్ బ్లేజ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఈ చూపుతో ఇత్తడి తాళాల వైపు తిరిగాడు. హాస్టళ్లలో, ఆఫీసుల్లో ఒక్కో గదికి ఒక్కో చెవి, అన్నిటికీ కలిపి ఒక మాస్టర్ చెవి ఉంటాయి. అలాంటి తాళాల్లో చాలా జంటల మధ్య అదనంగా ఒక పిన్ను ముక్క వేస్తారు కాబట్టి రెండు ఎత్తుల్లోనూ తెరుచుకుంటుంది. తన గది చెవి ఉన్న మనిషి, దాని గాట్లలో ఒక్కదాన్ని మాత్రమే మారుస్తూ తన తలుపు మీదే ప్రయత్నిస్తే, మాస్టర్ చెవి గాటు ఎక్కడుందో ఆ తలుపే చెప్పేస్తుంది. ఐదు స్థానాలు, స్థానానికి తొమ్మిది ప్రయత్నాలు, ఎక్కువలో ఎక్కువ 45. ఈ వ్యాసం రాగానే తాళాల వృత్తివాళ్లలో కొందరికి కోపం వచ్చింది. తప్పు రాశాడని కాదు, తమకు ముందే తెలిసినదాన్ని అందరికీ చెప్పేశాడని.

ఈ తగాదా కొత్తది కాదు. హాబ్స్ చెప్పిన సంగతుల ఆధారంగా చార్లెస్ టాంలిన్‌సన్ 1853లో కూర్చిన తాళాల పుస్తకంలోనే దీని మీద చర్చ ఉంది: దొంగలకు ఈ విద్య ఎప్పుడో తెలుసు, దాచిపెడితే అమాయకంగా మిగిలేది కొనుక్కునేవాళ్లేనని. నేనూ ఆ పక్షమే. 1997లో హాంబర్గులో తాళాలు తీయడాన్ని క్రీడగా ఆడేవాళ్ల సంఘం పుట్టింది, తర్వాత నెదర్లాండ్స్‌లోనూ ఇతర చోట్లా. ఈ లోకంలో రెండు నియమాలున్నాయి. తనదో, యజమాని అనుమతించిందో తప్ప ముట్టుకోకూడదు. వాడుకలో ఉన్న తలుపు మీద సాధన చెయ్యకూడదు. స్ప్రింగు నలిగినా పిన్ను గీసుకుపోయినా రేపు సొంత చెవే పనిచెయ్యకపోవచ్చు. చట్టాలు దేశానికో రకం. జపానులో 2003 నుంచి తగిన కారణం లేకుండా ఈ పనిముట్లు దగ్గరుంచుకోవడమే నేరం.

అన్నట్టు, వేలి నేర్పు అక్కర్లేని పద్ధతి కూడా ఒకటుంది. అన్ని గాట్లూ అత్యంత లోతుగా కోసిన చెవిని దూర్చి వెనకనుంచి చిన్న దెబ్బ వేస్తారు. క్యారమ్స్‌లో ఒకదాన్నొకటి ఆనుకున్న రెండు కాయల్లో ముందుదాన్ని స్ట్రైకరుతో కొడితే వెనకది ఎగిరిపోతుంది చూడండి, అలా కింది పిన్ను ఉన్నచోటే ఉండి పై పిన్ను పైకెగురుతుంది. ఆ లిప్తకాలం సరిహద్దు ఖాళీగా ఉంటుంది. ఐదు జంటలూ ఒకేసారి. దీనిలో వెతుకులాటా లేదు, లెక్కా లేదు.

మళ్లీ పిక్ సంగతికి వస్తే, బెజ్జాలన్నీ కచ్చితంగా ఒకే వరసలో తొలిస్తే గొడవ వదిలిపోదా? కొంతవరకు. ఖరీదైన తాళాల్లో సందులు బాగా తక్కువ, అందుకే అవి ఎక్కువ విసిగిస్తాయి. కానీ సందు బొత్తిగా లేకుండా చేస్తే ప్లగ్ తిరగదు. దుమ్ము చేరినా, వానాకాలం తుప్పు పట్టినా, చెవి గాట్లు కొద్దిగా అరిగినా తెరుచుకోవాలంటే కొంత వదులు ఉండి తీరాలి. అందుకని తయారీదార్లు ఇంకో ఎత్తు వేశారు. పై పిన్నుల్లో కొన్నిటిని నడుము సన్నగా, దారపు రీలు ఆకారంలో చేస్తారు. పిక్‌తో ఎత్తితే ఆ నడుము దగ్గర ప్లగ్ తిరుగుతుంది, అదీ వెంట్రుకవాసి కాదు, కంటికి కనిపించేటంత. తీసేవాడు గెలిచాననుకుంటాడు. పిన్ను మాత్రం ఇంకా సరిహద్దుకు అడ్డంగానే ఉంటుంది. ‘దగ్గరికొచ్చావు’ అని చెప్పడం మానలేని తాళానికి అబద్ధం చెప్పడం నేర్పారన్నమాట.

ఆ అబద్ధాన్ని పట్టుకునే దారీ ఉంది. ప్లగ్ అంత తిరిగి కూడా ఆగిపోయిందంటే ఎక్కడో రీలు పిన్ను ఉన్నట్టే. ఒక్కోదాన్నీ మెల్లగా నొక్కి చూస్తే, ఒకదాని దగ్గర మాత్రం ప్లగ్ వెనక్కి తిరగబోతుంది. రీలు అంచు పైకి పోవాలంటే ప్లగ్‌ను కొంచెం వెనక్కి నెట్టాలి కాబట్టి. అప్పుడు రెంచ్ మీది వేలు సడలించి ఆ వెనకడుగు వెయ్యనివ్వాలి. మరీ సడలిస్తే ముందు గట్టెక్కినవన్నీ జారిపోతాయి.

ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇంకా సూటి మార్గం దొరికింది. మొదటి అక్షరం తప్పని తెలిసినా ఆగకుండా చివరిదాకా పోల్చి, ప్రతిసారీ అంతే సమయం తీసుకుని, అప్పుడే ‘లేదు’ అనడం. ఇత్తడితో అలాంటిది చెయ్యాలంటే చెవి ఆకారాన్ని తాళం ముందు లోపలికి నకలు చేసుకోవాలి, తర్వాత బయటివాడి పనిముట్టు పిన్నుల్ని అందుకోలేకుండా దారి మూసెయ్యాలి, ఆ తర్వాతే సరిచూడాలి. అప్పుడు ఒక చేత్తో తిప్పబోతూ ఇంకో చేత్తో తడమడం కుదరదు. ఇలాంటి నమూనాలు చేసి చూసినవాళ్లున్నారు. వాటికి భాగాలెక్కువ, స్థలమెక్కువ, ఖర్చెక్కువ. హార్డ్‌వేర్ షాపులో మామూలు ధరకు దొరికే వాటిలో కాస్త మెరుగైనది కావాలంటే రీలు పిన్నులున్న సిలిండర్ అడగవచ్చు.